ఖాళీ గడి కనిపించని సముద్ర పటం: ఓ.ఐ.ఎస్.ఎస్.టి. డేటాసెట్ సమీక్ష

సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల దీర్ఘకాలిక ఉపగ్రహ రికార్డు కావలసినవారిలో చాలామంది, అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఉచితంగా అందించే ఓ.ఐ.ఎస్.ఎస్.టి. డేటాసెట్‌తోనే పని మొదలుపెడతారు. 1981 సెప్టెంబరు నుంచి రోజుకొక ఫైలు చొప్పున, భూగోళాన్ని పావు డిగ్రీ గడులుగా విభజించి ఇందులో విలువలు ఇస్తున్నారు. పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. మామూలు కంప్యూటరు మీదే నలభై ఏళ్లకు పైబడిన రికార్డును పరిశీలించవచ్చు.

అయితే ఇది ఉపగ్రహం కొలిచిన విలువ యథాతథంగా కాదు. ఉపగ్రహాల మీద ఉండే ఏవీహెచ్ఆర్ఆర్ వంటి పరారుణ పరికరానికి అందేది మిల్లీమీటరులో సుమారు వందో వంతు మందమున్న నీటి పైపొర నుంచి వచ్చే వికిరణం మాత్రమే. అందులో కొంత దారిలోనే నీటి ఆవిరికి పోతుంది కనుక, 11, 12 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గరి రెండు ఛానెళ్ల మధ్య వచ్చే తేడాను బట్టి ఆ నష్టాన్ని సరిదిద్దుతారు. మబ్బు పడితే మాత్రం అసలు కొలతే ఉండదు. 1991లో పినటుబో అగ్నిపర్వతం బద్దలైన తరువాత, పై వాతావరణంలో పరుచుకున్న సూక్ష్మ తుంపరల వల్ల ఉపగ్రహ విలువలు సముద్రాన్ని ఉన్నదానికన్నా చల్లగా చూపాయి. ఈ కారణాల చేతనే ఉపగ్రహ విలువలను ముందుగా నౌకలు, బోయాల (నీటిపై తేలే కొలత పరికరాల) కొలతలతో సరిచూసి సవరిస్తారు. ఆ పిమ్మట చుట్టుపక్కల కొలతల నుంచి విలువను అంచనా వేసే ఆప్టిమమ్ ఇంటర్‌పొలేషన్ అనే గణిత పద్ధతితో ఖాళీ గడులను పూరిస్తారు.

నా అభ్యంతరమంతా ఆ పూరింపు కనబడే తీరు మీదనే. వారం రోజులుగా మబ్బు కమ్మిన చోటు, నిన్ననే స్పష్టంగా కొలిచిన చోటు పటంలో ఒకే నునుపుతో కనిపిస్తాయి. తేడా తెలుసుకోవాలంటే అదే ఫైలులో ఉన్న 'ఎర్ర్' అనే దోష అంచనాను తెరవాలి. ఈ డేటాసెట్‌లో నాకు అత్యంత విలువైనదిగా తోచే భాగం అదే, కానీ దానిని తెరిచేవారు తక్కువ.

తీరప్రాంతంలో పనిచేసేవారికి దీన్ని సిఫారసు చేయలేను; భూమధ్యరేఖ దగ్గర ఒక్కో గడి సుమారు 28 కిలోమీటర్లు ఉంటుంది కనుక, తీరం వెంబడి పైకి ఉబికే చల్లని నీటి సన్నని పట్టీ అందులో కలిసిపోతుంది. 2002 నుంచి లభించే మరో సముద్ర ఉష్ణోగ్రతల డేటాసెట్ ఎం.యు.ఆర్. గడులు డిగ్రీలో వందో వంతే అయినా, మబ్బులున్న రోజున అది ఆధారపడేది మబ్బుల గుండా చూడగలిగినా పదుల కిలోమీటర్ల వెడల్పున చూసే సూక్ష్మతరంగ (మైక్రోవేవ్) కొలతల మీద కాబట్టి, గడి చిన్నదైనంత మాత్రాన వివరం పెరగదు.

వాడబోయేవారు మరో రెండు విషయాలు గమనించాలి. తాజా ఫైళ్లు తాత్కాలికమైనవి. సుమారు రెండు వారాల తరువాత వాటి స్థానంలో తుది ఫైళ్లు వస్తాయి. ఉష్ణోగ్రత సగటుకన్నా ఎంత ఎక్కువో తక్కువో చూపుతూ ఫైలులోనే లెక్కించి ఇచ్చే వ్యత్యాసాలకు ఆధారం 1971–2000 సగటు కాబట్టి, ఇటీవలి సగటుతో పోల్చదలచినవారు వ్యత్యాసాన్ని స్వయంగా లెక్కించుకోవలసిందే.