ట్రక్కు ఎనక్కి తియ్యడం బాగానే నేర్పుతారు, ఏ ట్రక్కో మాత్రం ముందే అడగండి

పోయినేడు మార్చిలో గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు లోపల నా పరువు పోయింది. ట్రాక్టరు ఎనక తగిలించిన ట్రక్కు (ట్రైలరు) లో 62 తేజ మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. ట్రక్కు తలుపు ప్లాట్‌ఫాంకి ఆనిస్తే హమాలీలు దింపుకుంటారు, అంతే పని. ఒకటోసారి ట్రక్కు ఎడంపక్కకి పోయింది. రెండోసారి కుడిపక్కకి. ఏడోసారికి ట్రాక్టరు ఒకవైపు, ట్రక్కు ఒకవైపు మొహాలు పెట్టుకుని అలిగిన మొగుడూ పెళ్ళాల్లా నిలబడ్డాయి. ఎనక తొమ్మిది బళ్ళు. ఆఖరికి ఒక కుర్రాడు దిగొచ్చి, "అక్కా, నువ్వు దిగు, నేను పెడతా" అన్నాడు. పెట్టాడు కూడా, ఒక్క దెబ్బకి. టీ గ్లాసులు పట్టుకున్న హమాలీల వంక చూడకుండా కాటా చీటీ తీసుకుని వచ్చేశా.

నాకు ట్రాక్టరు కొత్త కాదు. మా ఆయనది ఉద్యోగం, వ్యవసాయం నాది. రెండేళ్ళుగా రోటవేటరు నేనే వేసుకుంటున్నా. కారు లైసెన్సు ఉంది. ఆ టెస్టులో కారుతో హెచ్ వేయించారు, ఎనక్కి కూడా వేశా. ట్రక్కు తగిలించుకుని ఎనక్కి తియ్యగలవా అని మాత్రం ఎవరూ అడగలేదు. సీజన్లో డ్రైవరు రోజుకి 900 అడిగి, ఇస్తానన్నా సరే మూడోరోజు వేరే వాళ్ళ దగ్గరికి పోయాక, ఇంక నేర్చుకోక తప్పదని మే నెలలో ఈ ట్రాక్టరు డ్రైవింగు బడిలో చేరా.

సత్తెనపల్లి పక్క, మూతబడ్డ జిన్నింగ్ మిల్లు ఆవరణలో నడుపుతున్నారు. కింద నాలుగు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను. ఆరు రోజులు, పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా, 3,500. డీజిలు అందులోనే అని ఫోన్లో చెప్పారు. ఐదోరోజు "డీజిలు ఎక్కువ తాగుతోంది" అని ఇంకో 200 పట్టారు. డబ్బు పెద్దదేం కాదు గానీ, ముందే 3,700 అని చెబితే ఏం పోయింది?

నేర్పేది ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన అమ్మాయ్ అనేవాడు. మొదటిరోజు ట్రాక్టరు ఎక్కనివ్వలేదు. నేలమీద దుమ్ములో తన చెప్పులు రెండూ ఒకదానెనక ఒకటి పెట్టాడు. ముందు చెప్పు ట్రాక్టరు, ఎనక చెప్పు ట్రక్కు. "ముందు చెప్పు మడమ కుడికి నెట్టు, ఎనక చెప్పు తోక ఎటు పోతందో చూడు" అన్నాడు. ఎడమకి పోయింది. ఎడమకి నెడితే కుడికి. అరగంట సేపు ఎండలో గొంతుక్కూర్చుని చెప్పులతో ఆడుకున్నాం. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళే మూడోరోజు దాకా స్టీరింగు తప్పు తిప్పారు, నేను తిప్పలేదు.

రెండోరోజు చెప్పిన కిటుకు ఒక్కదానికే 3,500 ఇవ్వొచ్చు. స్టీరింగు పైన పట్టుకోవద్దన్నాడు. కింద, బొడ్డుకి ఎదురుగా ఉండేచోట ఒక చేత్తో పట్టుకోవాలి. ట్రక్కు ఎటు పోవాలో చెయ్యి అటు జరిపితే చాలు. ట్రక్కు ఎడమకి పోవాలా, చెయ్యి ఎడమకి. కుడి ఎడమలు అంటే బండివి, ఎనక్కి తిరిగి చూస్తున్న మన ఒంటివి కాదు. అది కుదిరితే బుర్రలో తిరగేసుకునే లెక్క ఉండదు. రెండోది అద్దాల సంగతి. తిన్నగా ఎనక్కి వస్తున్నప్పుడు ఏ అద్దంలో ట్రక్కు ఎక్కువగా కనబడటం మొదలైతే స్టీరింగు ఆ వైపు కొంచెం తిప్పాలి, ట్రక్కు సర్దుకుంటుంది. "కొంచెం" అన్న మాట ఆయన రోజుకి వందసార్లు అన్నాడేమో. మనం చేసే తప్పంతా ట్రక్కు కదిలేదాకా ఆగకుండా ఇంకా తిప్పడం, తీరా కదిలాక అతిగా కదిలిందని ఇటు లాగడం. పొట్టి ట్రక్కు చిటుక్కున మళ్ళుతుంది, పొడుగుది నిదానంగా మళ్ళి నిదానంగానే సర్దుకుంటుంది. పొట్టిదాంతో నేర్చుకుంటే చెయ్యి అదుపులోకి వస్తుందని ఆయన లెక్క.

ట్రాక్టరు తెలిసినవాళ్ళు కూడా మర్చిపోయేది ఇంకోటుంది. ట్రాక్టరుకి కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వేర్వేరు బ్రేకు పెడళ్ళుంటాయి, పొలంలో మలుపులు తిప్పడానికి. ట్రక్కు తగిలించినప్పుడు, రోడ్డెక్కినప్పుడు ఆ రెంటినీ కలిపే కొక్కెం వేసుకోవాలి. వెయ్యకుండా ఒక పెడలే తొక్కితే బండి ఒక పక్కకి గుంజుతుంది, ట్రక్కు ఎనకనుంచి నెడుతుంది, ఇంక చూస్కోండి. రోజూ నేను ఎక్కగానే బాబాయ్ వంగి ఆ కొక్కెం చూసేవాడు. మూడోరోజు నేను వెయ్యలేదు. "దిగు" అన్నాడు. ఆ పూట మళ్ళీ ఎక్కనివ్వలేదు. కోపమొచ్చింది. ఇంటికొచ్చి మా బండి కొక్కెం చూస్తే మట్టి పట్టి బిగుసుకుపోయి ఉంది. వేసి ఎన్నాళ్ళయిందో.

మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోనివ్వడు, తను కూడా కూర్చోడు. కిందే నడుస్తూ, మెళ్ళో కండక్టరు విజిలుతో నేర్పుతాడు. ఒక విజిలు వేస్తే ఎక్కడున్నా ఆపెయ్యాలి. ఎనక నిలబడి "రానీ రానీ" అని కేకలేసేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. "ఎంత రావాలో చెప్పనోడు రానీ అంటే ఏం లాభం? మూడు మూరలు, రెండు మూరలు, ఆపు. అట్ట చెప్పాల" అంటాడు. సైగ చేసే మనిషి మన కుడి అద్దంలో కనబడే చోటే ఉండాలి, అద్దంలోంచి మాయమైతే బండి ఆగాలి. ఎనక్కి తిప్పుకోవాల్సి వస్తే మనం తిరిగి చూస్తున్న పక్కకే తిప్పుకోమంటాడు. అటైతే ట్రక్కు మూల కళ్ళముందే ఉంటుంది, అవతలి పక్క సగం గుడ్డిదే.

ఇంత జాగ్రత్త మనిషి దగ్గర ఒకటి మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ట్రక్కు తగిలించేటప్పుడు పిన్ను వెయ్యడానికి ఒక చిన్న కుర్రాణ్ణి పెట్టారు. ట్రాక్టరు ఎనక్కి వస్తూ ఉండగానే వాడు ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్యలో నిలబడి పిన్ను పట్టుకుని ఎదురు చూస్తుంటాడు. క్లచ్చి మీద నా కాలు జారిందంటే వాడి నడుం పోయినట్టే. "అట్టయితే నేను తియ్యను" అని మొండికేశా. బాబాయ్ గొణిగాడు, అందరూ ఇట్టాగే చేస్తారన్నాడు. అందరూ చేస్తారు, నిజమే, మా ఊళ్ళోనూ చేస్తారు. మర్నాటి నుంచి నా బండికి పద్ధతి మారింది. కన్నం మీదికి కన్నం వచ్చిందనిపించాక ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజను ఆపేశాకే వాడు లోపలికి పోవాలి. జానెడు తేడా వస్తే వాడు బయటికొచ్చాకే మళ్ళీ స్టార్టింగు. పక్క కుర్రాళ్ళ బళ్ళకి మాత్రం పాత పద్ధతే నడిచింది. నేర్పేచోట అలా జరగకూడదు. దీనికి ఒక మార్కు కోసేస్తున్నా.

యూరియా సంచుల్లో ఇసుక నింపి రెండు వరసలు పేర్చారు, మధ్య సందు ట్రక్కు కంటే రెండు మూరలు వెడల్పు. నాలుగోరోజుకి అందులోకి తిన్నగా తెచ్చా. ఐదోరోజు వంపు తిప్పి తెచ్చా. ట్రక్కు మడత పడబోతోందనిపిస్తే స్టీరింగుతో కుస్తీ పట్టకుండా ఆపి, ముందుకు పోయి, తిన్నగా చేసుకుని మళ్ళీ రావడం అక్కడే అలవాటైంది. మూడుసార్లు ముందుకు పోతే మూడుసార్లు, అందులో నామోషీ ఏముంది? అనుమానమొస్తే దిగి ఎనక చూసి రమ్మంటాడు. గతుకులకి పట్టు తప్పుతుందని రేజు (ఇంజను వేగం) బొత్తిగా తగ్గించి, లో రివర్సులో చీమ నడకలా తియ్యమంటాడు. ఆరోరోజు సందు చివర సంచి మీద తన టీ గ్లాసు పెట్టాడు. గ్లాసుకి బెత్తెడు దూరంలో ట్రక్కు ఆపా. టీ ఒలకలేదు. ఆయన ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని తాగేశాడు.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. పశువుల కొట్టం పక్కకి ట్రక్కు పెడదామని, చెయ్యి స్టీరింగు కింద పెట్టుకుని, నేర్చుకున్నట్టే ఎడమకి జరిపా. ట్రక్కు కుడికి పోయింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చేశా. మళ్ళీ కుడికే. మూడోసారికి కొట్టం గుంజ విరిగింది. మా అత్తయ్య అరుగు మీంచి, "ఆరు రోజులు పోయి ఇదా నేర్చుకొచ్చావు?" అంది.

జరిగిందేంటంటే, బడిలో ఉన్నది రెండు చక్రాల ట్రక్కు. మాది నాలుగు చక్రాలది. నాలుగు చక్రాలదానికి ముందు చక్రాల జత ట్రక్కు కింద గుండ్రంగా తిరుగుతుంది. అంటే మడత ఒక్కచోట కాదు, ట్రాక్టరు దగ్గర ఒకటి, ముందు చక్రాల దగ్గర ఒకటి. ఒక మడతకి స్టీరింగు తిరగబడితే, రెండో మడతకి మళ్ళీ తిరగబడి మామూలై కూర్చుంటుంది. రెండు చెప్పులు చాలవు, మూడోది కావాలి. పైగా మొదటి మడత ఒకసారి ఎక్కువైతే సర్దడం మహా కష్టం. కోల్డ్ స్టోరేజీ దగ్గర నన్ను ఏడిపించిందీ ఇదే. "మీది ఏ ట్రక్కు?" అని చేర్చుకునేటప్పుడు వాళ్ళు అడగలేదు. చెప్పాలని నాకూ తెలియదు. నేర్పేవాళ్ళకి తెలుసుగా!

ఫోన్ చేస్తే బాబాయ్, "అదా... అది ఏరే ఇద్దె అమ్మాయ్, ట్రక్కు తోలుకురా" అన్నాడు. రెండు పూటలు, పూటకి 600, డీజిలు నాదే. దానికి ఆయన చెప్పింది వేరు. నాలుగు చక్రాలదాంతో వంపులు తిప్పే సాహసాలొద్దు. పెట్టాల్సిన చోటికి ఎదురుగా దూరం నుంచే ముందుకు లాగి, ట్రాక్టరూ ముందు చక్రాలూ ట్రక్కూ ఒక్క గీత మీదికి తెచ్చుకో. ఆ తర్వాత తిన్నగా ఎనక్కి, స్టీరింగు బెత్తెడుకి మించి తిప్పకు. ట్రక్కు ముందు చక్రాలు పక్కకి తిరగడం మొదలైతే అప్పుడే ఆపి ముందుకు పో. ఇంత సూటిగా చెప్పగలిగిన మనిషి మొదటి ఆరు రోజుల్లో ఒక్క పూట దీనికి ఎందుకు పెట్టడో అర్థం కాదు. బరువేసి నేర్పరు, అదీ లోటే. ఖాళీ ట్రక్కు ఆగినచోట ఆగుతుంది, టిక్కీలు నింపింది వాలు మీద మన మాట వినదు. అది నేను మా డొంకలో, గుండె చేత్తో పట్టుకుని, సొంతంగా నేర్చుకున్నా.

ఈ మార్చిలో అదే కోల్డ్ స్టోరేజీ. 58 టిక్కీలు. గేటు దగ్గరే ట్రాక్టరు దిగి నడుచుకుంటూ పోయి ప్లాట్‌ఫాం చూసొచ్చా. మూడో ప్రయత్నానికి తలుపు ఆనింది, నాలుగు వేళ్ళ సందుతో. ఎవరూ దిగి రాలేదు.

రెండు చక్రాల ట్రక్కున్నవాళ్ళు నిరభ్యంతరంగా చేరండి, ఐదుకి నాలుగు ఇస్తా. నాలుగు చక్రాలదైతే మొదటిరోజే మీ ట్రక్కు తోలుకుపొండి, మూడు ఇస్తా. పిన్ను కుర్రాడి విషయంలో మాత్రం మీరూ మొండికెయ్యండి. ఫోను పొద్దున ఏడున్నర తర్వాతే ఎత్తుతారు. మిల్లు ఆవరణలో చెట్టన్నది లేదు, టోపీ, నీళ్ళ సీసా మీవే. సొంత ట్రక్కు తెచ్చుకుంటే ఫీజు తగ్గిస్తారేమో అడిగి చూడండి. నాకైతే తగ్గించలేదు.