మూడు వేసవులుగా మా పేట లైబ్రరీలో

బెజవాడలో మా పేటలో ఉన్న శాఖా గ్రంథాలయం వేసవి శిబిరానికి మనవరాల్ని మూడేళ్లుగా తీసుకెళ్తున్నాను. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండులోపు వదిలేస్తారు. మన ఎండలకు అదే సరైన వేళ. ఫీజు లేదు. అలాగని ఉచితం అనడానికి నాకు మనసొప్పదు, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం కదా!

కాగితం కొంగలు, బొమ్మలు గీయడం, కథలు చెప్పించడం ఏటా ఉండేవే. పాత పేపర్లకు కొదవ లేదు కాబట్టి బాగానే సాగుతాయి. మాకు బాగా నచ్చింది రెండో ఏడు నేర్పిన బైండింగ్. రిటైరైన మాస్టారు ఒకాయన వారం రోజులు వచ్చారు. చిరిగిన పిల్లల పుస్తకాలు ముందు పెట్టి, పాత దారం విప్పించి, ఫారాలు (మడత పెట్టిన పేజీల కట్టలు) విడదీయించి, మళ్లీ కుట్టించారు. మైదా జిగురు అక్కడే ఉడికించారు. పురుగు పట్టకుండా వేసే మైలుతుత్తం మాత్రం ఆయనే కలిపారు. అది విషం, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. పుస్తకం వెన్నుకు కాలికో అనే నూలు గుడ్డ అంటించి, రాత్రంతా ఇటుకల కింద పెట్టారు. మా పిల్ల కుట్టిన పుస్తకం కాస్త వంకరగా వచ్చింది. అది ఇప్పటికీ లైబ్రరీ బీరువాలో ఉంది. వెళ్లినప్పుడల్లా ఎవరైనా తీసుకెళ్లారేమోనని లోపలి తేదీల చీటీ చూసుకుంటుంది.

ఇక ఇబ్బందులు. పాతికమంది పిల్లలకు ఐదే కత్తెరలు, మన కత్తెర మనం పట్టుకెళ్లడం మేలు. ఏడేళ్లవాళ్లనీ పద్నాలుగేళ్లవాళ్లనీ కలిపి కూర్చోబెడతారు, చిన్నవాళ్లకు విసుగు. మూడో ఏడు మాస్టారు రాలేదు, బైండింగూ లేదు. ఎవరొస్తే ఆ విద్య, అంతే. జూన్ దాటితే మళ్లీ సందడి నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లోనే.

నెలకో ఆదివారం పెట్టమని అడిగాను. "నేనొక్కణ్ణే బాబాయ్‌గారూ, పుస్తకాలిచ్చుకోవాలా, జిగురు ఉడకబెట్టాలా?" అన్నారు లైబ్రేరియన్. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊళ్లో ఇంకో మనిషిని ఇవ్వలేరా అనిపించింది కానీ, ఆయన్నేం అంటాం?

చేర్పించే ముందు ఈ ఏడు ఏం నేర్పుతారో కనుక్కోండి. మా పిల్ల ఇంట్లో నా పాత వారపత్రికలన్నీ కుట్టేస్తోంది. మా ఆవిడ మైదా డబ్బా దాచేస్తోంది.