వారంటీ దాటిన కారుకు వదలని జబ్బు: కంపెనీని బతిమాలడమా, కమిషన్‌కెక్కడమా, షెడ్డుకు తోలడమా?

ఒకే ఏడాది మా కుటుంబంలో రెండు కార్లు మొరాయించాయి. విజయవాడలో ఉన్న నా కారుకు ఏసీ కూలింగ్ కాయిల్ పోయింది. హైదరాబాదులో ఉన్న మా బావమరిది కారుకు ఆటోమేటిక్ గేర్‌బాక్సు. కంపెనీలు వేరు, ధరలు వేరు. రెండింటికీ వారంటీ దాటిపోయింది, డబ్బు కట్టి బాగుచేయించాక రెండూ మళ్లీ తిరగబెట్టాయి. ఇద్దరం ఒకే తీరున మొదలుపెట్టి చెరొక చోట తేలాం. ఏ దారి మేలని అడిగేవారికి నా దగ్గరున్న జవాబు ఆ రెండు కార్ల కథే.

నాది 2019లో కొన్న బండి, రెండేళ్ల వారంటీ. ఇరవై రెండో నెలలో ఏసీ చల్లదనం తగ్గిందని చూపిస్తే గ్యాస్ నింపి పంపేశారు. నాలుగో వేసవిలో కాయిల్ లీకవుతోందని తేల్చి, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కొత్తది వేశారు. బిల్లు రూ.19,400. పదమూడు నెలలు తిరక్కుండానే మళ్లీ వేడిగాలి. కాయిల్ అల్యూమినియంది. డ్యాష్‌బోర్డు లోపల చీకట్లో ఎప్పుడూ తడిగా ఉంటుంది. దుమ్ము, ఆకుల నలుసులు ఆ తడిలో పేరుకుని లోహాన్ని తినేస్తాయి, సూదిమొన అంత రంధ్రం పడినా చాలు. లీకు ఎక్కడో చూడకుండా ఏటా గ్యాస్ పట్టించడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే. పైగా కంప్రెసర్‌కు కావలసిన నూనెను తిప్పేది ఆ గ్యాసే. అది తగ్గిన బండిలో మొండిగా ఏసీ వేసుకుని తిరిగితే కంప్రెసర్ కూడా పట్టేస్తుంది.

బావమరిది బండి పద్నాలుగు లక్షలది. మూడేళ్ల వారంటీ దాటాక, ట్రాఫిక్‌లో మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వచ్చే కుదుపు బాగా ముదిరింది. రూ.78,000 పెట్టి క్లచ్‌లు మార్పించాడు. ఎనిమిది నెలలకు అదే కుదుపు. ఈసారి గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్ కూడా పోయిందని రూ.1,62,000 ఎస్టిమేట్ ఇచ్చారు. సర్వీస్ అడ్వైజర్ చెప్పిన కారణం: "మీరు నడిపే తీరు సార్." ఈ మాట విని నాకు నవ్వొచ్చింది. 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. పవర్‌షిఫ్ట్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మీద ఫిర్యాదు చేసిన కొనుగోలుదార్లతో అన్యాయంగా వ్యవహరించిందన్నది అభియోగం. అందులో ఒక ముఖ్యమైన అంశం, కుదుపులకు కారణం డ్రైవర్ల నడిపే తీరేనని చెప్పడం. మా బావమరిది బండి ఆ కంపెనీది కాదు, ఆ దేశమూ మనది కాదు. మాట మాత్రం అచ్చంగా అదే.

ఏ దారి పట్టే ముందైనా చేయవలసిన పని ఒకటుంది. చాసిస్ నంబరు చెప్పి, "ఈ నంబరు మీద రీకాల్ గానీ సర్వీస్ క్యాంపెయిన్ గానీ పెండింగులో ఉందా?" అని కంపెనీ కస్టమర్ కేర్‌నే రాతపూర్వకంగా అడగాలి. రీకాల్ అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం, సర్వీస్ క్యాంపెయిన్ అంటే అదే పని కాస్త చిన్న లోపాలకు చేయడం. షోరూమ్‌లో నోటిమాటగా అడిగితే లాభం లేదు. ఉంటే, వారంటీ దాటినా ఉచితంగానే చేస్తారు. చట్టం ప్రకారం రీకాల్‌కు ఆదేశించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణతో కేంద్రానికి వచ్చింది, నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. కానీ అవి ఏడేళ్లలోపు వాహనాలకు, భద్రతకో పర్యావరణానికో ముప్పు తెచ్చే లోపాలకు మాత్రమే. నా ఏసీకి అక్కడే తలుపు మూసుకుపోయింది. మే నెల బెజవాడ ఎండలో ఏసీ లేకపోవడం ప్రాణసంకటమని నేను ఎంత వాదించినా చట్టం ఒప్పుకోదు.

ఇక మొదటి దారి, గుడ్‌విల్. వారంటీ లేకపోయినా కంపెనీ దయతలచి ఖర్చులో కొంత భరించడం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడం కూడా ఒక విద్యే. సర్వీస్ అడ్వైజర్ చేతిలో ఏమీ ఉండదు, వర్క్స్ మేనేజర్ సిఫారసు మాత్రం చేయగలడు. నిర్ణయం తీసుకునేది కంపెనీ తరఫున ఆ ప్రాంతాన్ని చూసే సర్వీస్ మేనేజరు. ఆయన చూసేవి మూడే: సర్వీసులన్నీ అధీకృత కేంద్రంలోనే చేయించారా, వారంటీ దాటి ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు అయింది, ఈ ఫిర్యాదు వారంటీ రోజుల్లోనే జాబ్ కార్డు (బండి అప్పగించేటప్పుడు ఫిర్యాదులు రాసుకునే కాగితం) మీదికి ఎక్కిందా. మూడోదే ఆయువుపట్టు.

నేను మొదట ఒక పేజీన్నర ఉత్తరం రాశాను. కోపం, వ్యంగ్యం, ఇంటిల్లిపాదీ పడిన అవస్థ అన్నీ దట్టించాను. వచ్చిన జవాబు రెండు వాక్యాలు: చింతిస్తున్నాం, వారంటీ ముగిసింది. రెండోసారి పన్నెండు వాక్యాలే రాశాను. చాసిస్ నంబరు, కొన్న తేదీ, తిరిగిన కిలోమీటర్లు, మూడు జాబ్ కార్డుల నంబర్లు, తేదీలు. ఇరవై రెండో నెలలో "ఏసీ కూలింగ్ తక్కువ" అని వాళ్లే రాసుకున్న కార్డు ఫొటో. "ఆ రోజు లీకు పరీక్ష చేయకుండా గ్యాస్ మాత్రమే నింపారు" అన్న ఒక్క మాట. చివర ఒకే ఒక్క కోరిక: కాయిల్ మీరివ్వండి, లేబర్ నేను కడతాను. పదకొండో రోజున ఒప్పుకున్నారు. నాకు పడింది రూ.6,200. సంతకం పెట్టమన్న కాగితంలో "ఇకపై ఈ వాహనంపై ఎలాంటి క్లెయిమూ చేయను" అని ఉంటే, "ఈ వాహనంపై" కొట్టేయించి "ఈ మరమ్మతు ఖర్చుపై" అని రాయించాను. వర్క్స్ మేనేజరు నన్ను అదోలా చూశాడు గానీ దిద్దాడు.

బావమరిదికి ఇదే దారి ఎందుకు పనిచేయలేదంటే, వారంటీ రోజుల్లో అతను ఆ కుదుపు గురించి చెప్పాడు గానీ రాయించలేదు. "చెప్పాను బావా, అడ్వైజర్ ఓ రౌండు నడిపి చూసి 'నార్మలే సార్' అన్నాడు" అన్నాడు. జాబ్ కార్డులో ఉన్నది "జనరల్ చెకప్, వాటర్ వాష్". పార్టు ధరలో 30 శాతం మాత్రం తగ్గిస్తామన్నారు. గుడ్‌విల్‌లో తీర్పరి, ప్రత్యర్థి ఇద్దరూ ఒకరే. వాళ్లు 30 అంటే 30.

రెండోది 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు, ఫిర్యాదు నంబరు ఇస్తారు. వాళ్లు కంపెనీకి పంపుతారు, కంపెనీ జవాబిస్తుంది. ఆదేశించే అధికారం మాత్రం వాళ్లకు లేదు. బావమరిదికి పాత జవాబే కాస్త మర్యాదైన భాషలో వచ్చింది. అయినా దండగ కాదు. కంపెనీ తన వైఖరిని కాగితం మీద పెట్టక తప్పలేదు కదా! ఒక్క జాగ్రత్త: వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే గడువు. 1915కు ఫోన్ చేసినంత మాత్రాన ఆ గడియారం ఆగదు. ఆలస్యానికి కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవడం తెలివితక్కువ.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. జనం ఇంకా ఫోరం అనే అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్ని తలనొప్పులు తగ్గాయి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా స్థాయే. ఫీజు చూస్తే నవ్వొస్తుంది: 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు రూ.200, 20 లక్షల వరకు రూ.400. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. అవతలివాళ్లకు నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాలకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. "తయారీ లోపం" అని నిరూపించే భారం మన మీదే పడుతుంది. దానికి నిపుణుడి నివేదిక కావాలి, పరీక్ష ఖర్చు ముందు మనమే కట్టాలి. అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో తయారీ లోపమేమిటని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతాడు. కారే మార్చి ఇమ్మని అడగడం మరీ అత్యాశ. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే గానీ మొత్తం కారును మార్చడం కాదంది. కొత్త చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని, లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం ఇప్పించే ఒక అధ్యాయం ఉందిగా అని కొందరు ఉత్సాహపడతారు. ఆ వస్తువుకే జరిగిన నష్టం దాని కిందికి రాదు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు "లెమన్ లా ఉంటుంది కదా బాబాయ్" అంటాడు, పదేపదే చెడే కారును కంపెనీ చేత మార్పించే లేదా డబ్బు వాపసు ఇప్పించే చట్టం అది. మనకు అలాంటి చట్టం లేదు. అక్కడైనా అది ప్రధానంగా వారంటీ రోజుల్లో బయటపడ్డ లోపాలకే.

మరి కమిషన్‌కు వెళ్లి ప్రయోజనమేమిటి? తయారీ లోపం అనే కొండను ఢీకొట్టకుండా పక్కదారి ఒకటుంది. రూ.78,000 తీసుకుని చేసిన మరమ్మతు ఎనిమిది నెలలకే విఫలమైంది. అది సేవాలోపం. ఆ బిల్లుకు వారంటీ ఎప్పుడో దాటిపోయిన కారుతో పని లేదు, అది తాజా లావాదేవీ. డబ్బిచ్చి వేయించిన పార్టుకు చాలా కంపెనీలు విడిగా కొంతకాలం హామీ ఇస్తాయి, బిల్లు వెనుక చిన్న అక్షరాల్లో చూడాలి. "వారంటీ అయిపోయింది" అన్న మాటకు నా లెక్కలో అన్నిటికన్నా గట్టి జవాబు ఇదే. తిరగబెట్టిన జబ్బులో బలం ఆ తిరగబెట్టడంలోనే ఉంది. డీలర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరి తప్పు ఏదో విడివిడిగా రాయాలి. 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలర్ చేసిన తప్పు తయారీదారుకు తెలుసని నిరూపణ కానప్పుడు అతని మీద బాధ్యత మోపలేమని సుప్రీంకోర్టు చెప్పింది. కారు వ్యాపారం కోసం కొన్నదైతే మొదట "మీరు వినియోగదారే కాదు" అన్న అడ్డంకి దాటాలి. సొంత డ్రైవింగుతో బతుకుతెరువు చూసుకునేవారికి మినహాయింపు ఉంది.

నాలుగోది షెడ్డు. ఆటోనగర్‌లో కారు ఏసీ పని చేసే మస్తాన్ భాయ్ నా కాయిల్‌కు రూ.8,500 అన్నాడు, లేబర్, గ్యాస్ కలిపి. నైట్రోజన్ ఎక్కించి లీకు చూపించాకే విప్పుతానన్నాడు. షోరూమ్‌లో ఎవరూ ఆ పరీక్ష ఊసే ఎత్తలేదు. కాలం విలువ లెక్కగడితే చాలామందికి ఇదే లాభం, ఒక్క రోజులో పనైపోతుంది. కానీ షెడ్డులో డ్యాష్‌బోర్డు విప్పిన మరుక్షణం కంపెనీ మీద మన వాదనకు నీళ్లొదులుకున్నట్టే. బయట ముట్టుకున్నారనే ఒక్క మాట చాలు వాళ్లకు. అందుకే షెడ్డు చివరి దారి కావాలి. ఎక్కడ చేయించినా తీసేసిన పాత పార్టును అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. బిల్లు కట్టింది మనం, ఆ తుక్కూ మనదే, రేపు సాక్ష్యమూ అదే.

సోషల్ మీడియాలో కంపెనీని తిట్టిపోయడం కూడా ఒక దారేనంటారు. బావమరిది ప్రయత్నించాడు. "మీ వివరాలు సందేశంలో పంపండి" అన్న జవాబు పావుగంటలో వచ్చింది, ఆ తరువాత ఏమీ రాలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే నా లెక్క ఇలా తేలింది. ఇరవై వేల లోపు జబ్బుకు, జాబ్ కార్డులో పాత ఫిర్యాదు ఉంటే, గుడ్‌విల్‌ను మించినది లేదు. నెల రోజులు గడువు పెట్టుకుని, కాదంటే 1915కు ఒక ఫోను, అప్పటికీ కాదంటే షెడ్డు. ఆ డబ్బు కోసం కమిషన్ మెట్లెక్కితే రానుపోను ఖర్చులకే సరిపోతుంది. లక్ష దాటిన జబ్బుకు, అదీ డబ్బు కట్టిన మరమ్మతు విఫలమైన సందర్భంలో, కమిషనే మేలు. దానికోసం బండిని విప్పకుండా ఉంచగలగాలి. మధ్యలో ఉన్నవాళ్లకు, అంటే నలభై, యాభై వేల జబ్బులకు, లాయరు నోటీసు ఒకటి ఇచ్చి చూడమంటాను. 30 శాతం గుడ్‌విల్ 60 అయ్యే అవకాశం అక్కడే ఎక్కువ.

బావమరిది నోటీసు ఇచ్చినా అవతలివాళ్లు 30 దగ్గరే ఆగారు. కేసు వేశాడు. ఏడాది నిండింది, నాలుగు వాయిదాలు అయ్యాయి. కారు అపార్ట్‌మెంటు సెల్లారులో దుప్పటి కప్పుకుని ఉంది, అతను మెట్రోలో ఆఫీసుకు వెళ్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, కమిషన్ ఓ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్‌ను నిపుణుడిగా వేసింది. కారు అక్కడికి తోలుకుని రమ్మన్నారు, కుదుపు చూపించాలట" అన్నాడు. కదలని బండిలో కుదుపు ఎలా చూపిస్తావని అడిగాను. బ్యాటరీ ఛార్జింగుకు పెట్టాడట.