కోటానా, రాయితీనా, సర్దుబాటా: ఏది మేలు?

వికలాంగులకు ఉద్యోగాలిచ్చేలా కంపెనీలను కదిలించాలంటే ఏ పద్ధతి మంచిదని హెచ్‌ఆర్‌లో ఉన్న స్నేహితులు నన్ను పదేపదే అడుగుతుంటారు. ఇంత శాతం మందిని తీసుకోవాల్సిందేనని కోటా పెట్టడమా, తీసుకున్నవాళ్లకు రాయితీ ఇవ్వడమా, లేక మనిషికి తగ్గట్టు పనిచోట సర్దుబాట్లు చేసి తీరాలనడమా?

కోటాతో కదలిక వస్తుంది, కాదనను. జర్మనీలో 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు 5 శాతం ఉద్యోగాలు తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు ఇవ్వాలి, ఫ్రాన్స్‌లో అయితే 6 శాతం, తగ్గితే డబ్బు కట్టాలి. దరఖాస్తు వైపే చూడని కంపెనీ కూడా కనీసం ఫోన్ చేస్తుంది. కానీ లెక్క అడిగితే లెక్కే చూపిస్తారు. జపాన్‌లో 2024 ఏప్రిల్‌లో ప్రైవేటు సంస్థల కోటాను 2.5 శాతానికి పెంచారు. అక్కడ కొన్ని కంపెనీలు తమ వ్యాపారంతో ఏ సంబంధమూ లేని తోటల్లో చోటు అద్దెకు తీసుకుని, వికలాంగుల్ని కూరగాయలు పండించే పనిలో పెట్టి కోటా నిండిందనిపిస్తున్నాయి. జీతం వస్తుంది, ఆఫీసు మొహం మాత్రం చూడరు. అంతెందుకు, 2018లో అక్కడి ప్రభుత్వ శాఖలే లెక్కలు పెంచి చూపించిన సంగతి బయటపడింది.

రాయితీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. భారత్‌లో 2016 చట్టం సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వు చేసింది, ప్రైవేటువాళ్లు 5 శాతం మందిని తీసుకునేలా ప్రోత్సాహకాలివ్వాలని ప్రభుత్వాలకు చెప్పింది. మంచిదే, కానీ రాయితీ కోసం తీసుకున్నవాడు అది ఆగాక ఉంచుకుంటాడా?

నా దృష్టిలో అసలు తేలేది ఉద్యోగంలో చేరాకే. నేను పనిచేసిన ఒక చోట చూపు లేని సహోద్యోగి ఉండేవాడు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పని చకచకా చేసేవాడు, కానీ సెలవు పెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆ రీడర్ చదవలేకపోయేది. సెలవు కావాల్సినప్పుడల్లా పక్క సీటువాడికి పాస్‌వర్డ్ చెప్పుకోవాల్సిందే. ఆ ఒక్క పేజీ సరిచేయించడానికి ఎవరి బడ్జెట్ అని నెలల తరబడి మెయిళ్లు నడిచాయి, ఈలోగా అతనే మానేశాడు. మా రికార్డుల్లో మాత్రం అతను చేరిన ఏడాది కోటా భేషుగ్గా ఉంది!

అందుకే నా ఓటు సర్దుబాటుకే. అమెరికాలో 1990 నాటి చట్టం 15 మంది, అంతకు మించి ఉన్న సంస్థలపై ఈ బాధ్యత పెట్టింది, మరీ భారమైతే తప్ప. ఇందులోనూ లోపముంది: ప్రతిదీ ఉద్యోగే నోరు తెరిచి అడగాలి, కొత్తగా చేరినవాళ్లకు అదే పెద్ద టెన్షన్, చిన్న సంస్థకేమో ఖర్చు భయం. బ్రిటన్‌లో పరికరాలకు, సైగ భాష దుబాసీకి, రాకపోకలకు సాయంగా ప్రభుత్వమే గ్రాంటు ఇచ్చే పథకం ఉంది. జర్మనీ అయితే కోటా తప్పినవాళ్ల నుంచి వసూలు చేసిన సొమ్మునే పనిచోటు మార్పులకూ వాడుతుంది. ఒకటే ఎంచుకోవాలా అని అడిగితే నేను ఈ కలగలుపు వైపే చూపిస్తాను.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని కంపెనీలకు రెండే చెబుతాను. ఆఫర్ లెటర్‌తో పాటు ‘ఈ పని బాగా చేయడానికి మీకేం కావాలి?’ అని వైకల్యం ఉన్నా లేకున్నా అందరినీ అడగండి. ఆ ఖర్చు టీమ్ మేనేజర్ నెత్తిన వేయకుండా కంపెనీ మొత్తానికి ఒకే పద్దు కింద పెట్టండి.