డెత్, ఫ్యానీ: రెండు రాక్ డాక్యుమెంటరీలు

'ఎ బ్యాండ్ కాల్డ్ డెత్' (2012) అమెరికాలోని డెట్రాయిట్‌లో 'డెత్' అనే రాక్ బ్యాండ్ పెట్టిన ముగ్గురు నల్లజాతి అన్నదమ్ముల కథ. 1970లలో బ్యాండ్ పేరు మార్చమంటే వారిలో పెద్దవాడైన డేవిడ్ హాక్నీ ససేమిరా అన్నాడు, రికార్డు కంపెనీ అవకాశం చేజారింది. ఆయన 2000లో చనిపోవడంతో తమ్ముళ్లే ఆయన గురించి చెబుతారు. మనసు మెలిపెడుతుంది. కానీ జాతి సంగతి ఇంకాస్త లోతుగా అడగాల్సింది.

ఈ రెండింట్లో నా ఓటు మాత్రం 'ఫ్యానీ: ది రైట్ టు రాక్' (2021)కే. మనీలాలో పుట్టి కాలిఫోర్నియా చేరిన 'ఫ్యానీ' అనే ఆడవాళ్ల రాక్ బ్యాండ్‌కు చెందిన జూన్, జీన్ మిల్లింగ్టన్ అక్కచెల్లెళ్లు తమ కథ తామే చెప్పుకుంటారు. ఫిలిప్పీన్స్ మూలాలు, ఆడవాళ్లంటే చిన్నచూపు, బ్యాండ్‌లో కొందరు లెస్బియన్లు కావడం, అరవై దాటాక మళ్లీ ఆల్బమ్ చేయడం, అన్నీ ఇందులో సూటిగా మాట్లాడతారు. పాటలూ మరుగున పడవు.