పగిలిన గిటార్ పలకకి అతుకు: నాలుగేళ్ళు వాడాక

ఈ గిటార్ 2021 మార్చిలో రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన హైదరాబాద్ నుంచి మకాం మార్చుకుని వచ్చారు. అక్కడ ఏళ్ళ తరబడి ఏసీ గదిలో గోడకి వేలాడిందట. ముందు పలక అసలైన స్ప్రూస్ చెక్క. పలక మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం, అంటే సౌండ్ హోల్, అంచు దగ్గర చూస్తే పైన కనిపించే నార గీతలే మందంలోకి నేరుగా దిగుతాయి. ప్లైవుడ్‌కి అలా ఉండదు, పొరలు కనిపిస్తాయి. తీగలు బిగించే చెక్క, అంటే బ్రిడ్జి, వెనక నుంచి కింది అంచు దాకా పద్నాలుగు సెంటీమీటర్ల పగులు ఉంది. అందుకే తొమ్మిది వేలకి ఇచ్చారు.

అమలాపురం తెచ్చి, రాత్రి లైట్లన్నీ ఆపి, సౌండ్ హోల్లోంచి చిన్న టార్చి లోపల పెట్టాను. పగులు పొడుగునా సన్నటి వెలుగు గీత కనిపించింది. సెకండ్ హ్యాండ్ గిటార్ కొనేముందు ఎవరైనా తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఇది. తర్వాత పలకంతా వేలి కణుపుతో మెల్లిగా తట్టండి. ఎక్కడైనా జివ్వుమంటే పలకకి లోపల ఊతంగా అతికించే కర్ర, అంటే బ్రేస్, ఊడినట్టే. బ్రిడ్జి వెనక సందులో కాగితం దూరితే బ్రిడ్జి లేస్తోందన్నమాట. పగులు ఒక్కటే అయితే భయపడక్కర్లేదు. ఈ మూడూ కలిసి ఉంటే మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా నేను కొనను.

నేను చేసిన తప్పు చెప్పాలి. ఆగలేక, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలోనే రిపేరుకి కూర్చున్నాను. పడమటి గాలి కొడుతోంది, పగులు గోరు దిగేంత విచ్చుకుని ఉంది. రంపపు పొట్టు, తెల్ల జిగురు కలిపి ఆ సందు నింపేశాను. జూన్ అంతా బాగానే ఉంది. ఆగస్టు వానలకి చెక్క ఉబ్బింది. మూసుకోడానికి సందు లేక, అతుకు పక్కనే మూడు మిల్లీమీటర్ల దూరంలో వెంట్రుకంత కొత్త చీలిక లేచింది. వేలు పెట్టి రాస్తే గట్టులా తగిలేది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఎదుర్లంక వంతెన దాటి తాళ్ళరేవులో పడవలు చేసే పెద్దాయన ఒకరి దగ్గరికి తీసుకెళ్ళాను. గిటార్ ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు, చెక్క మాత్రం తెలుసు. పలక మీద బొటనవేలు రెండుసార్లు ఆడించి, "ఎండకి విచ్చుకుంది వానకి మూసుకుంటాది బాబూ. ఆ సందులో నువ్వు అడ్డం పెట్టేశావు, మరి ఇంకో చోట చీలుద్ది కదా" అన్నారు. నా సమీక్షలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. కొత్తగా విచ్చుకున్న పగులుకి ముందు తేమ అందాలి. దానంతట అది మూసుకున్నాకే జిగురు. తేమ తిరిగి అందాక కూడా మూసుకోకపోతేనే సన్నటి స్ప్రూస్ పుల్ల చెక్కి సందులో దించాలి.

పాత జిగురు తీయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. గోరువెచ్చని నీళ్ళ దూదితో నానబెట్టడం, బ్లేడు మొనతో గీకడం, అంతే పని. తర్వాత సెప్టెంబరు దాకా ఆగాను. బయట గాలిలో తేమ 80 శాతం. అంత ఉబ్బిన చెక్కని అతికితే ఎండాకాలంలో మళ్ళీ లాగుతుంది. అందుకని ఏసీ గదిలో వారం రోజులు 55 దగ్గర ఉంచాను. రెండు పగుళ్ళూ గీతలా మూసుకున్నాయి.

జిగురు టైట్‌బాండ్ ఒరిజినల్, చెక్క పనికి వాడే రకం. పాత వడ్రంగులు వజ్రం అనే జంతు జిగురు ఇంకా మంచిదంటారు, కానీ దాన్ని వేడిగా ఉంచుతూ చకచకా పని చేయాలి, నా చేతికి ఆ వేగం లేదు. సూపర్ గ్లూ మాత్రం వద్దు. పెళుసుగా ఉంటుంది, చెక్కలోకి ఇంకిపోయి మళ్ళీ బాగు చేయనివ్వదు. జిగురు బొట్లు పగులు మీద పెట్టి, రెండు బొటనవేళ్ళతో రెండు వైపులా ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ వదిలాను. చెక్క ఊపిరి పీల్చినట్టు జిగురుని లోపలికి తాగింది. లోపల పెట్టిన అద్దంలో చిన్న బొట్టు మెరిసేదాకా నొక్కాను. పైన మిగిలింది తడిగుడ్డతో వెంటనే తుడిచేశాను.

మర్నాడు లోపలి వైపు రెండు పగుళ్ళనీ కలిపి పట్టేలా మూడు చెక్క ముక్కలు అతికించాను. వీటిని క్లీట్లు అంటారు. రెండు మిల్లీమీటర్ల మందం స్ప్రూస్, విరిగిన గిటార్ పలకలోంచి కోసినవి. వాటి నార పగులుకి అడ్డంగా ఉండాలి. నొక్కి పట్టడానికి లోపలొకటి, బయటొకటి నియోడిమియం అయస్కాంతాలు, మధ్యలో బటర్ పేపర్. దూరం నుంచే ఒకదాన్నొకటి లాక్కుని పలక మీద టప్పున పడతాయి, జాగ్రత్త. తీగలు ఎక్కించడానికి ఇంకో రోజు ఆగాను. లైట్ సెట్, అంటే సన్న రకం తీగలు, బిగిస్తే పలక మీద పడే లాగుడు డెబ్భై కిలోల పైమాటే.

నాలుగేళ్ళలో ఆ అతుకు విచ్చుకోలేదు. మా అమ్మాయి ప్రతి ఆదివారం చర్చిలో దీన్నే వాయిస్తుంది. 2023 మేలో ఒక క్లీట్ ఊడి, ఏ తీగ మీటినా గరగరలాడింది. మళ్ళీ అతికాను. వెలుతురు ఏటవాలుగా పడితే అతుకు గీత ఇప్పటికీ కనిపిస్తుంది. నా మొదటి జిగురు తాగిన చోట కాస్త నల్లగా కూడా ఉంటుంది, అది పోదు. శబ్దంలో మాత్రం నాకు తేడా తెలియలేదు.

కేసులో తేమ సమంగా ఉండడానికి పెట్టే ప్యాకెట్లు మన వానాకాలానికి తట్టుకోవు, నీళ్ళు పీల్చి ఉబ్బిపోతాయి. ఆ నెలల్లో నేను తేమ పీల్చే సిలికా జెల్ వాడతాను, ప్యాకెట్లు ఎండాకాలానికి దాచుకుంటాను. చెక్కని ఎండబెట్టే ఏసీ గాలి తగిలే గోడకి గిటార్ తగిలించను. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కేసులోనే ఉంటుంది, 45 కిందికి వస్తే చాలు నాకు ఆదుర్దా మొదలవుతుంది.

ఈ మేలో పిక్‌గార్డ్, అంటే గీతలు పడకుండా పలక మీద అంటించే రేకు, దాని అంచు వెంట వేలెడంత కొత్త గీత కనిపించింది. టార్చి పెడితే వెలుగు రావడం లేదు, ఇంకా పైపైనే ఉంది. తీగలు వదులు చేసి కేసులో పెట్టాను. వానలు పడేదాకా దాన్ని ముట్టుకోను.