పాత డీజిల్ ర్యామ్‌లో ఆటోమేటిక్ మంచిదా, మాన్యువల్ మంచిదా: 5.9 కమిన్స్ బళ్లపై సమీక్ష

పాత డాడ్జ్ ర్యామ్ 2500, 3500 (బరువులు లాగే అమెరికన్ పికప్ ట్రక్కులు) కొనడానికి వెళ్లినవాళ్లు ఇంజిన్ గురించి పది ప్రశ్నలు వేస్తారు, గేర్‌బాక్సు గురించి ఒక్కటే అడుగుతారు: ఆటోమేటిక్కా, మాన్యువలా? నిజానికి ఈ బళ్లలోని 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ మొండి ఇంజిన్. సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల మైళ్లు దాటాక కూడా నడుస్తూనే ఉంటుంది. ఆ బండిలో ముందు చెయ్యిచ్చేది దాని వెనకున్న గేర్‌బాక్సే. 1994 నుంచి 2007 దాకా వచ్చిన బళ్లను రెండు రకాల గేర్‌బాక్సులతోనూ, ఖాళీగానూ, ట్రెయిలర్ తగిలించీ ఏళ్ల తరబడి వాడాక తేలిందేమిటంటే, మాన్యువల్‌లో లోపం ఉంటే అరగంట నడిపేసరికి దొరికిపోతుంది. ఆటోమేటిక్‌లో లోపం ఖాళీ బండిలో చాలాసార్లు కనబడదు, బరువు కట్టి ఎత్తు ఎక్కించినప్పుడే బయటపడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు మైలేజీ, సౌకర్యం కంటే ఈ తేడాయే పెద్దది.

ముందు ఏ ఏడాది బండిలో ఏ గేర్‌బాక్సు ఉందో చూసుకోవాలి. 1994, 95 బళ్లలో 47ఆర్‌హెచ్, 1996 నుంచి 2002 దాకా 47ఆర్‌ఈ, ఆ తర్వాత 2007 దాకా 48ఆర్‌ఈ. మూడూ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లే. మాన్యువల్‌లో ఐదు గేర్ల ఎన్‌వీ4500, ఆరు గేర్ల ఎన్‌వీ5600, 2005 మధ్య నుంచి ఆరు గేర్ల జీ56. తన ఆటోమేటిక్ మీద కంపెనీకే ఎంత నమ్మకం ఉండేదో హార్స్‌పవర్ అంకెలు చెప్తాయి. 1996 నుంచి 98 దాకా 12 వాల్వుల ఇంజిన్‌ను మాన్యువల్‌తో 215 హార్స్‌పవర్‌కు, ఆటోమేటిక్‌తో 180కి కట్టేశారు. 2001లో వచ్చిన 245 హార్స్‌పవర్ హై అవుట్‌పుట్ ఇంజిన్‌ను ఎన్‌వీ5600తో తప్ప ఇవ్వలేదు. 2007 మధ్యలో 6.7 లీటర్ల ఇంజిన్ వచ్చాక లెక్క తిరగబడింది: ఆరు గేర్ల ఆటోమేటిక్‌కు 650 అడుగు-పౌండ్ల టార్క్ (తిప్పే బలం), జీ56కు 610. అందుకే 'ఆటోమేటిక్ బలహీనం' అన్న మాట ఏ కాలం బండి గురించో తెలుసుకోకుండా నమ్మకూడదు.

47ఆర్‌ఈ, 48ఆర్‌ఈ పరీక్షకు బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి రావడమే మేలు. రాత్రంతా ఆగిన బండిలో టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఆయిల్ కిందికి, పాన్‌లోకి (గేర్‌బాక్సు అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దిగిపోతుంది. స్టార్ట్ చేసి వెంటనే రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు కదలకపోవడం దీనివల్లే, అదొక్కటే ఉంటే భయపడక్కర్లేదు. ఈ గేర్‌బాక్సులు పార్క్‌లో కన్వర్టర్‌కు ఆయిల్ పంపవు. స్టార్ట్ చేశాక హ్యాండ్ బ్రేక్ వేసి కాసేపు న్యూట్రల్‌లో ఉంచితే కన్వర్టర్ నిండుతుంది. ఆయిల్ లెవెల్ చూడాల్సిందీ న్యూట్రల్‌లోనే: బండి వేడెక్కి, చదును నేల మీద ఇంజిన్ నడుస్తూ ఉండాలి. పార్క్‌లో డిప్‌స్టిక్ తీసి చూసి 'ఆయిల్ సరిపడా ఉంది' అనేవాళ్ల మాటకు విలువ లేదు. ఆయిల్ మాడిన వాసన వస్తే ఆ బండి వదిలెయ్యండి. మరీ ఎర్రగా, కొత్తగా ఉంటే ఎప్పుడు, ఎందుకు మార్చారో అడగండి, పాత వాసన పోగొట్టడానికి మార్చి ఉండొచ్చు.

తర్వాత లాకప్, అంటే నిలకడ వేగంలో కన్వర్టర్ జారకుండా ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు నేరుగా బిగించే క్లచ్. గంటకు 50 మైళ్ల దగ్గర నిలకడగా వెళ్తూ, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను దీపం వెలిగేంత మాత్రమే తాకాలి. లాకప్ విడిపోయి ఆర్‌పీఎం పైకి లేవాలి, కాలు తీస్తే మళ్లీ పడాలి. ఏ మార్పూ లేకపోతే లాకప్ పనిచేయడం లేదన్నమాట. బరువుతో వెళ్లేటప్పుడు కన్వర్టర్ లాక్ కాకపోతే ఇంజిన్ శక్తిలో కొంత ఆయిల్‌ను మరిగించడానికే పోతుంది, గేర్‌బాక్సు అలా కాలిపోతుంది. నిలకడ వేగంలో ఆర్‌పీఎం ఊరికే పైకీ కిందికీ ఆడుతుంటే మాత్రం తొందరపడి గేర్‌బాక్సును అనకండి. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పాడై ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు లీకైతే థ్రాటిల్ సెన్సర్ సిగ్నల్ చెడి ఇలాగే అవుతుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూడండి. 0.1 వోల్టు దాటితే ముందు ఆల్టర్నేటర్ సంగతి తేల్చాలి. ఈ చిన్న లోపానికి గేర్‌బాక్సు విప్పించుకున్నవాళ్లున్నారంటే బాధేస్తుంది.

మొదటి గేర్ పట్టకుండా రెండు, మూడుల్లో బయల్దేరడం, లేదా ఆర్‌పీఎం బాగా పెరిగేదాకా గేర్ మారకపోవడం ఎక్కువగా గేర్లు ఎప్పుడు మారాలో నిర్ణయించే ఆయిల్ ఒత్తిడిని చూసుకునే గవర్నర్ ప్రెషర్ సోలినాయిడ్, సెన్సర్‌ల లోపం. రెండూ పాన్ లోపలే ఉంటాయి. ఫిల్టర్‌తో పాటు జతగా మార్చేయాలి. థ్రాటిల్ వాల్వ్ కేబుల్ వదులైతే లైన్ ప్రెషర్ (గేర్‌బాక్సు లోపలి ఆయిల్ ఒత్తిడి) తగ్గి క్లచ్‌లు మెత్తగా జారుతూ మాడతాయి. గేర్లు వెన్నలా మారుతున్నాయని మురిసిపోయేది ఆ దశలోనే. బ్యాండ్లు (గేర్ మార్చడానికి లోపలి డ్రమ్ములను బిగించి పట్టే పట్టీలు) సరిచేయడానికి స్క్రూను 72 అంగుళం-పౌండ్ల దాకా బిగించి, మోడల్‌కు చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పాలి. చుట్ల లెక్క 47ఆర్‌హెచ్‌కూ, 47ఆర్‌ఈకీ, 48ఆర్‌ఈకీ వేరు, కాబట్టి ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్ చూడందే ముట్టుకోవద్దు. ముందు బ్యాండ్ స్క్రూ కేసింగ్ ఎడమ పక్కన బయటే ఉంటుంది. వెనక బ్యాండ్‌కు పాన్ దించాలి. ఆయిల్ ఏటీఎఫ్+4 రకం మాత్రమే.

మాన్యువల్‌కు వద్దాం. క్లచ్ పరీక్ష సులభం: నాలుగో గేర్‌లో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఈ ఇంజిన్ టార్క్ 1,600 చుట్టూ శిఖరంలో ఉంటుంది కాబట్టి అరిగిన క్లచ్ అక్కడే జారుతుంది, వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే ఎగబాకుతుంది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు రొద ఉండి తొక్కితే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కినప్పుడే రొద మొదలైతే రిలీజ్ బేరింగ్.

ఎన్‌వీ4500కు పేరుమోసిన జబ్బు ఐదో గేర్ నట్. ఐదో గేర్‌లో తక్కువ ఆర్‌పీఎంలో బరువు లాగిస్తే, ఆరు సిలిండర్ల కుదుపులకు మెయిన్‌షాఫ్ట్ చివరి నట్ వదులై గేర్ వెనక్కి జరుగుతుంది, స్ప్లైన్లు (గేర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే పళ్లు) అరుగుతాయి, చివరికి ఐదో గేరే పోతుంది. ఐదులో వెళ్తూ యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ చూడండి. గేర్ రాడ్ ముందుకూ వెనక్కీ ఊగిసలాడితే నట్ కదిలినట్టే. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు 1,700 కంటే దిగకముందే నాలుగుకు రావడమే దీనికి మందు. ఆయిల్ 75డబ్ల్యూ-90 సింథటిక్, నాలుగు క్వార్టులు. ఇత్తడి సింక్రోలను (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగులు) తినేసే మామూలు జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయకూడదు. మొదటి గేర్ నిష్పత్తి 5.61, రోజూ బయల్దేరడానికి రెండోదే సరిపోతుంది.

ఎన్‌వీ5600 గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, లాగడంలో హాయి ఇదే. ఉత్పత్తి 2005లోనే ఆగిపోయింది కాబట్టి లోపలి భాగాలు దొరకడం కష్టం, దొరికినా ఖరీదెక్కువ. శబ్దం చేసే ఎన్‌వీ5600 ఎంత చవకైనా వద్దు. జీ56లో చూడాల్సింది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపులను తగ్గించే రెండు ముక్కల చక్రం). అరిగితే ఐడిల్‌లో టకటకలాడుతుంది. సింగిల్ మాస్‌కు మార్చితే గట్టిగా నిలుస్తుంది గాని గేర్‌బాక్సు రొద క్యాబిన్‌లోకి వస్తుంది. మార్చిన బండిని రొద చూసి పాడైందనుకోవద్దు, ఏ క్లచ్ కిట్ వేశారో బిల్లు అడగండి.

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థలం కొని ట్రాక్టర్ లాగడానికి ఇలాంటి బండి వెతికే మనవాళ్లకు సూటిగా చెప్పాలంటే, 2002 లోపు బండి అయితే మంచి క్లచ్ ఉన్న ఎన్‌వీ4500నే తీసుకోండి. 47ఆర్‌ఈ బండి నచ్చితే, గట్టి కన్వర్టర్, వాల్వ్ బాడీలతో (గేర్‌బాక్సులో ఆయిల్‌ను దారి మళ్లించే భాగం) రీబిల్డ్ చేయించే ఖర్చు ఎంతో ముందే షాపులో కనుక్కుని ధరలోంచి తగ్గించి మాట్లాడండి. 2003 నుంచి 2007 బళ్లలో ఇంజిన్‌కు పవర్ చిప్ పెట్టని 48ఆర్‌ఈ నిశ్చింతగా వాడదగ్గదే. ట్రాఫిక్‌లో రోజూ రెండు గంటలు ఉండేవాళ్లకు నేనూ అదే చెప్తాను. దానికి ఆయిల్ టెంపరేచర్ గేజ్ మాత్రం తప్పక పెట్టించండి, పాన్‌లో 200 ఫారెన్‌హీట్ దాటనివ్వొద్దు. ఎత్తులో ఓవర్‌డ్రైవ్‌ను (నాలుగో గేర్) బటన్‌తో ఆపేసి మూడో గేర్‌లో లాకప్‌తో ఎక్కించండి. పైకి చేరాక వెంటనే పార్క్‌లో పెట్టి ఆపేయకుండా, హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్‌లో గేజ్ ముల్లు దిగేదాకా ఇంజిన్ నడవనివ్వండి.